డబ్బు వచ్చింది, మనిషిని ఎందుకు ఆపారు? ఇమ్మిగ్రేషన్ అధికారాలూ విదేశీ పెట్టుబడీ

మీరు అడిగిన విషయాన్ని మొదట నాకు అర్థమైన విధంగా చెబుతాను. ఎక్కడైనా పొరపాటు పడి ఉంటే సరిదిద్దండి. తాడిపత్రిలో మీ కుటుంబానికి ఉన్న గ్రానైట్ పాలిష్ కంపెనీలో ఇటలీ దేశస్థుడు ఒకరు వాటా తీసుకోవడానికి ఒప్పుకున్నారు. ఆయన పంపిన సొమ్ము మూడు నెలల క్రితమే బ్యాంకు ద్వారా కంపెనీ ఖాతాకు చేరింది. కొత్త కటింగ్ మిషన్ బిగింపును దగ్గరుండి చేయించడానికీ, డైరెక్టరుగా బోర్డు సమావేశంలో కూర్చోవడానికీ ఆయన ఈ-టూరిస్ట్ వీసా మీద బెంగళూరు విమానాశ్రయంలో దిగారు. ఇమ్మిగ్రేషన్ అధికారులు మీ ఆహ్వాన పత్రం చదివి, కొన్ని ప్రశ్నలు అడిగి, వచ్చిన విమాన సంస్థతోనే వెనక్కి పంపించారు. రిజర్వు బ్యాంకు నిబంధనలకు లోబడి పెట్టుబడి పెట్టిన మనిషిని దేశంలోకి రానివ్వకుండా ఆపే అధికారం వాళ్లకు ఎక్కడిదన్నది మీ ప్రశ్న. ఇప్పుడు అనంతపురంలో ఉంటున్న మీ అన్నగారు అమెరికాలో పెట్టుబడి పెట్టి గ్రీన్‌కార్డు తెచ్చుకోవాలనుకుంటున్నారు, అక్కడా ఇలాగే ఆపుతారా అన్నది రెండో ప్రశ్న.

అనంతపురంలో ఇరవై ఏళ్లకు పైగా కంపెనీల వ్యవహారాలూ, విదేశీయుల వీసా, రిజిస్ట్రేషన్ పనులూ చూస్తున్నాను. 2017లో పెనుకొండ దగ్గర కియా కార్ల కర్మాగారానికి ఒప్పందం కుదిరి, కొరియా ఇంజినీర్లు మన జిల్లాకు రావడం మొదలైనప్పటి నుంచి ఈ పనే నాకు ఎక్కువైంది. ఈ అనుభవంతో చెబుతున్నాను, మీకు కలిగిన సందేహం చాలామందికి కలిగేదే. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

డబ్బు లోపలికి రావడానికి ఒక చట్టం ఉంది, మనిషి లోపలికి రావడానికి వేరొక చట్టం ఉంది. మొదటిది అందరూ ఫెమా అని పిలిచే 1999 నాటి విదేశీ మారక నిర్వహణ చట్టం. దాని కింద 2019లో వచ్చిన నిబంధనల ప్రకారం విదేశీయుడు భారతీయ కంపెనీలో షేర్లు తీసుకోవచ్చు. మీది వస్తువుల తయారీ రంగం కాబట్టి, నూటికి నూరు శాతం వరకు కూడా ముందుగా ప్రభుత్వ అనుమతి అడగకుండానే తీసుకోవచ్చు. రెండోది 2025 సెప్టెంబర్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఇమ్మిగ్రేషన్, విదేశీయుల చట్టం. అంతకుముందు ఉన్న 1920 నాటి పాస్‌పోర్టు ప్రవేశ చట్టాన్నీ, 1939 నాటి విదేశీయుల రిజిస్ట్రేషన్ చట్టాన్నీ, 1946 నాటి విదేశీయుల చట్టాన్నీ, విమాన, నౌకా సంస్థల బాధ్యతను నిర్ణయించిన 2000 నాటి చట్టాన్నీ రద్దు చేసి, వాటి స్థానంలో పార్లమెంటు ఈ ఒక్క చట్టాన్ని తెచ్చింది. షేర్లు కొన్నవాడికి దేశంలో అడుగు పెట్టే హక్కు వస్తుందని మొదటి చట్టం ఎక్కడా చెప్పదు. పెట్టుబడి పెట్టినవాడిని మినహాయించమని రెండోది ఎక్కడా చెప్పదు. బెంగళూరులో మీ భాగస్వామిని ఆపిన అధికారి ఆయన పెట్టుబడిని తప్పుపట్టలేదు, దాన్ని పరిశీలించే బాధ్యత కూడా ఆయనకు లేదు. ఆ మనిషి ఏ పని మీద వచ్చాడు, ఆ పనికి ఆ వీసా సరిపోతుందా అన్న రెండు విషయాలే ఆయన చూశారు.

సరిహద్దు అనగానే మనకు ముళ్ల కంచె, తుపాకీ పట్టిన జవాను గుర్తుకొస్తారు. పాకిస్తాన్, బంగ్లాదేశ్ సరిహద్దుల్లో బీఎస్ఎఫ్, నేపాల్, భూటాన్ సరిహద్దుల్లో ఎస్ఎస్‌బీ, చైనా వైపు ఐటీబీపీ, మయన్మార్ వైపు అస్సాం రైఫిల్స్ కాపలా కాస్తాయి. వాళ్ల పని దొంగదారిన ఎవరూ రాకుండా చూడడం. రాచమార్గంలో, అంటే విమానాశ్రయం, ఓడరేవు, భూమార్గపు చెక్‌పోస్టుల ద్వారా వచ్చేవారిని పరిశీలించేది కేంద్ర హోం శాఖ కింద పనిచేసే ఇమ్మిగ్రేషన్ బ్యూరో. వెంట తెచ్చిన సామాను, బంగారం, యంత్ర భాగాలు చూసేది 1962 నాటి చట్టం కింద పనిచేసే కస్టమ్స్. ఈ మూడింటినీ ఒకటే అనుకుని ఒకచోట అడగాల్సిన మాట మరోచోట అడిగేవాళ్లను నేను చాలామందిని చూశాను. చట్టం దృష్టిలో దేవనహళ్లిలో ఉన్న బెంగళూరు విమానాశ్రయంలోని ఇమ్మిగ్రేషన్ కౌంటరే సరిహద్దు. విమానం దిగినా, ఆ కౌంటరులో ముద్ర పడేదాకా ఆయన భారతదేశంలో ప్రవేశించినట్టు కాదు.

ఆ అధికారి అధికారం ఎంత అన్నది మీ ప్రశ్నలో అసలు భాగం. 2025 చట్టంలోని 3వ సెక్షన్ ప్రకారం విదేశీయుడికి చెల్లుబాటయ్యే పాస్‌పోర్టు, వీసా రెండూ ఉండాలి. అవి రెండూ ఉన్నా, దేశ భద్రత, ఇతర దేశాలతో సంబంధాలు, ప్రజారోగ్యం, లేదా కేంద్రం ఉత్తర్వు ద్వారా చెప్పే ఇతర కారణాల మీద ప్రవేశం నిరాకరించవచ్చు. ఈ విషయంలో ఇమ్మిగ్రేషన్ అధికారి నిర్ణయమే తుది నిర్ణయమని చట్టం చెబుతుంది. వెనక్కి తీసుకెళ్లే బాధ్యతను ఆ మనిషిని తెచ్చిన విమాన సంస్థ మీద పెడుతుంది. ఈ అధికారం కొత్తగా పుట్టింది కాదు. హాన్స్ ముల్లర్ అనే జర్మన్ దేశస్థుడి కేసులో 1955లోనే సుప్రీంకోర్టు, విదేశీయుడిని దేశం నుంచి పంపించే విషయంలో ప్రభుత్వానికి హద్దులేని అధికారం ఉందని చెప్పింది. 1937 నుంచి మన దేశంలోనే ఉన్న లూయీ డి రేట్ అనే బెల్జియం మిషనరీ కేసులో 1991లో కూడా, రాజ్యాంగంలోని 19వ అధికరణం ఇచ్చే నివాస హక్కు విదేశీయులకు వర్తించదని తీర్పు ఇచ్చింది. అర్ధ శతాబ్దానికి పైగా ఇక్కడ సేవ చేసిన మనిషికే ఆ హక్కు లేనప్పుడు, మూడు నెలల క్రితం డబ్బు పంపిన మనిషికి ఉందని వాదించడం కష్టం.

అలాగని అధికారిని ప్రశ్నించేవారే లేరని అనుకోకండి. 14, 21 అధికరణాలు పౌరుడికే కాక ప్రతి మనిషికీ రక్షణ ఇస్తాయి. కక్షతోనో, ఏ కారణమూ లేకుండానో నిరాకరిస్తే 226వ అధికరణం కింద హైకోర్టుకు వెళ్లవచ్చు. ఏ చట్టంలో తుది నిర్ణయమని రాసినా హైకోర్టుకు ఉన్న ఆ అధికారం పోదు. పౌరుడి విషయం పూర్తిగా వేరు. 1978లో మేనకా గాంధీ కేసులో విదేశీ ప్రయాణం వ్యక్తి స్వేచ్ఛలో భాగమని సుప్రీంకోర్టు స్థిరపరిచింది. బ్యాంకు అప్పు తీర్చలేదన్న కారణంతో ప్రభుత్వ బ్యాంకుల అధిపతులే లుకౌట్ నోటీసు (దేశం విడిచి వెళ్లకుండా ఆపే నోటీసు) కోరవచ్చన్న ఏర్పాటును 2024 ఏప్రిల్‌లో బొంబాయి హైకోర్టు కొట్టివేసిందీ ఈ కారణం చేతనే. కానీ మీ భాగస్వామి విషయంలో నేను కోర్టుకు వెళ్లమని సలహా ఇవ్వను, ఎందుకంటే అధికారి చేసింది తప్పు కాదు.

మన ప్రాంతం వాళ్లకు ఈ సంగతి కువైట్ ఉదాహరణతో చెబితే వెంటనే అర్థమవుతుంది. రాయచోటి, రాజంపేట, కడప వైపు దాదాపు ప్రతి ఊరి నుంచీ ఎవరో ఒకరు కువైట్‌లో ఉంటారు. విజిట్ వీసా మీద పోయి అక్కడ పనిలో చేరితే ఏమవుతుందో, ఖాదిం వీసా (ఇంటి పనివాళ్లకు ఇచ్చేది) మీద పోయి కఫీల్, అంటే వీసా ఇప్పించిన యజమాని, ఇల్లు వదిలి బయట పని చేస్తే ఏమవుతుందో ఆ ఊళ్లలో చదువు రాని ముసలమ్మకు కూడా తెలుసు. వీసా అంటే దేశంలో ఉండే అనుమతి మాత్రమే కాదు, ఫలానా పని కోసం ఉండే అనుమతి. కువైట్ ప్రభుత్వం మన వాళ్లకు పెట్టే నియమాన్నే మన ప్రభుత్వం ఆ ఇటలీ ఆయనకు పెట్టింది. సందర్భం వచ్చింది కాబట్టి మరో మాట: పదో తరగతి పాస్ కాని మన కూలీలను గల్ఫ్ విమానం ఎక్కనివ్వకుండా అదే కౌంటరులో ఆపడానికి ఆధారం ఈ చట్టం కాదు. అది 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం, విదేశాంగ శాఖ కింద పనిచేసే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ ఇచ్చే క్లియరెన్స్‌కు సంబంధించింది. కౌంటరు ఒకటే అయినా మొదటిది దేశాన్ని కాపాడడానికి, రెండోది ఆ కూలీనే ఏజెంట్ల చేతిలో మోసపోకుండా కాపాడడానికి.

ఈ-టూరిస్ట్ వీసా చూడడానికి, బంధుమిత్రులను కలవడానికి ఇచ్చేది. ఆయన చేతిలో ఉన్న మీ ఆహ్వాన పత్రంలో యంత్రం బిగింపు, బోర్డు సమావేశం అని స్పష్టంగా రాసి ఉంది. అధికారికి ఇంకేం ఆధారం కావాలి? ఒకవేళ ఆయన ఆ పత్రం చూపించకుండా లోపలికి వచ్చి, తాడిపత్రిలో యంత్రం పని చేస్తూ పట్టుబడి ఉంటే, వీసా షరతులు మీరినందుకు 3 ఏళ్ల వరకు జైలు, 3 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడే అవకాశం ఉండేది. దానితో పోలిస్తే వెనక్కి పంపడం తేలికగా పోయిన ఆపద.

ఇప్పుడు చేయవలసిన పని, ఆయన రాకకు ఉన్న రెండు కారణాలను విడదీయడం. కంపెనీలో భాగస్వామిగానో డైరెక్టరుగానో వ్యవహరించడానికీ, పరిశ్రమ పెట్టే అవకాశాలు చూడడానికీ, కొనుగోలు, అమ్మకాలు మాట్లాడడానికీ, సాంకేతిక సమావేశాలకూ బిజినెస్ వీసా సరిపోతుంది. యంత్రాన్ని సరఫరా ఒప్పందంలో భాగంగా బిగించి నడిపించి ఇవ్వడం మాత్రం చాలా కాలం పాటు ఎంప్లాయ్‌మెంట్ వీసా కిందికి వచ్చిన పని. ఈ విభజనను కేంద్రం ఎప్పటికప్పుడు సవరిస్తుంది కాబట్టి, దరఖాస్తు చేసే రోజున హోం శాఖ జాబితాలో ఆ పని ఏ వీసా కింద ఉందో చూసి మరీ అడగాలి. జీతం తీసుకునే ఎంప్లాయ్‌మెంట్ వీసా అయితే సాధారణంగా ఏడాదికి 16.25 లక్షల రూపాయలకు తగ్గని జీతం ఉండాలన్న షరతును కూడా గుర్తుంచుకోండి. నా అభిప్రాయం అడిగితే, బిగింపు పనికి యంత్రం అమ్మిన కంపెనీ మనిషిని తగిన వీసా మీద రమ్మనండి, మీ భాగస్వామి బిజినెస్ వీసా మీద యజమానిగా వచ్చి చూసుకుంటారు. ఒకే మనిషి రెండు పాత్రలు పోషించాలనుకోవడమే చిక్కు తెచ్చింది.

కొత్త దరఖాస్తును ఈ-వీసా దారిలో కాక రోమ్‌లోని మన రాయబార కార్యాలయం ద్వారానో, మిలాన్ కాన్సులేటు ద్వారానో పెట్టించండి. ఇంతకుముందు ప్రవేశం నిరాకరించారా అన్న ప్రశ్నకు అవునని రాసి, కారణం కూడా రాయాలి. దాన్ని దాస్తే ఇప్పటిదాకా పొరపాటుగా ఉన్నది అబద్ధంగా మారుతుంది, దాన్ని సరిచేయడం దాదాపు అసాధ్యం. ఆహ్వాన పత్రంలో ఆయన వాటా ఎంత, ఎన్ని రోజులు ఉంటారు, ఏ ఊళ్లో ఉంటారు, ఏ పని చేస్తారు, ఏ పని చేయరు అన్నవి తేలికైన మాటల్లో రాయండి. అతిథి మర్యాదలు ఒక పేజీ నిండా రాసి, వచ్చే పని గురించి ఒక్క వాక్యంతో సరిపెట్టిన ఆహ్వాన పత్రాలు నా దగ్గరికి ఎన్నో వచ్చాయి. ఈలోగా బోర్డు సమావేశం ఆపుకోవలసిన అవసరం లేదు; 2013 కంపెనీల చట్టం వీడియో ద్వారా పాల్గొనడానికి వీలిస్తుంది, డైరెక్టరుగా చేరడానికి కావలసిన పత్రాలను ఇటలీలోనే అపోస్టిల్ (ఇతర దేశాల్లో చెల్లేలా అక్కడి ప్రభుత్వం వేసే ధ్రువీకరణ) చేయించి పంపవచ్చు. డైరెక్టర్లలో కనీసం ఒకరు ఏడాదిలో 182 రోజులు భారతదేశంలో ఉన్నవారై ఉండాలన్న నియమం మీ కుటుంబ సభ్యులతోనే తీరిపోతుంది.

మీరు అడగకపోయినా, విమానాశ్రయంలో జరిగినదానికంటే నన్ను ఎక్కువ కలవరపెట్టింది మరొకటి. డబ్బు వచ్చి మూడు నెలలైంది అన్నారు. షేర్లు కేటాయించారా లేదా చెప్పలేదు. విదేశీ పెట్టుబడి సొమ్ము ఖాతాకు చేరిన 60 రోజుల్లోగా షేర్లు జారీ చేయాలి. చేయలేకపోతే ఆ 60 రోజులు పూర్తయిన తరువాత 15 రోజుల్లోగా సొమ్ము తిరిగి పంపాలి. షేర్లు జారీ చేసిన 30 రోజుల్లోగా ఎఫ్‌సీ-జీపీఆర్ అనే ఫారాన్ని రిజర్వు బ్యాంకు పోర్టల్‌లో దాఖలు చేయాలి, దానితో పాటు షేరు విలువ నిర్ధారణ పత్రం, డబ్బు పంపిన బ్యాంకు ధ్రువీకరించిన గుర్తింపు వివరాలు ఉండాలి. మనిషి వచ్చాక సంతకాలు చేయించుకుందామని మీరు కేటాయింపు ఆపి ఉంటే, 60 రోజులతో పాటు ఆ 15 రోజుల గడువు కూడా దాటిపోయి ఉంటుంది. ఫెమా ఉల్లంఘనకు జరిమానా ఆ మొత్తానికి మూడు రెట్ల దాకా వెళ్లవచ్చు. అయితే తామే ముందుకొచ్చి రిజర్వు బ్యాంకు దగ్గర కాంపౌండింగ్ చేయించుకునే, అంటే తప్పు ఒప్పుకుని కొంత సొమ్ము కట్టి పరిష్కరించుకునే వెసులుబాటు ఉంది. రేపే మీ బ్యాంకు విదేశీ మారక విభాగంలో కూర్చొని తేదీలు లెక్కపెట్టండి. మీది ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ అనుకునే ఇదంతా చెబుతున్నాను. తాడిపత్రిలో చాలా పాలిష్ యూనిట్లు భాగస్వామ్య సంస్థలు. మీదీ అదే అయితే ప్రవాస భారతీయుడు కాని విదేశీయుడు రిజర్వు బ్యాంకు అనుమతి లేకుండా అందులో పెట్టుబడి పెట్టడానికి లేదు, అప్పుడు కథ మొత్తం మారుతుంది.

పెట్టుబడి, సరిహద్దు భద్రత నిజంగా కలిసే చోటు కూడా ఒకటి ఉంది. 2020 ఏప్రిల్ 17న కేంద్రం ప్రెస్ నోట్ 3 ద్వారా, భారత్‌తో భూ సరిహద్దు ఉన్న దేశాల వాళ్లు పెట్టుబడి పెట్టాలన్నా, ఆ పెట్టుబడి వల్ల అసలు లబ్ధి పొందే యజమాని ఆ దేశాల వాడైనా ముందుగా ప్రభుత్వ అనుమతి తప్పనిసరి చేసింది. ఇటలీ ఆ జాబితాలో లేదు. కానీ రాతి యంత్రాల వ్యాపారం చైనాతో ఎంతగా ముడిపడి ఉందో మీకు నాకంటే బాగా తెలుసు. డబ్బు పంపింది ఆయన సొంతంగానా, ఏదైనా కంపెనీ పేరు మీదా, ఆ కంపెనీలో వాటాదారులెవరు అన్నది రాతపూర్వకంగా తీసుకుని ఫైల్లో పెట్టుకోండి. పెట్టుబడి ఆధారంగా దీర్ఘకాలం ఉండే హక్కును మన దేశం ఒక్కచోట ఇచ్చింది: 2016లో వచ్చిన శాశ్వత నివాస హోదా పథకం. 18 నెలల్లో 10 కోట్ల రూపాయలో, 36 నెలల్లో 25 కోట్లో పెట్టి, ఏటా కనీసం 20 మంది భారతీయ నివాసులకు ఉపాధి కల్పిస్తే 10 ఏళ్ల నివాస హోదా ఇస్తారు, మరో 10 ఏళ్లు పొడిగించవచ్చు. మీ భాగస్వామి పెట్టింది ఆ స్థాయి సొమ్ము అయితే విడిగా మాట్లాడదాం.

ఆయన సరైన వీసాతో వచ్చిన తరువాత బాధ్యత మీ మీదికి మారుతుంది. తాడిపత్రిలో మీ అతిథి గృహంలోనో, అనంతపురంలో తెలిసినవాళ్ల ఇంట్లోనో ఉంచితే, ఆయన చేరిన 24 గంటల్లోగా ఆ ఇంటివాళ్లు ఆయన వివరాల ఫారాన్ని (ఇదివరకు ఫారం సి అనేవారు) ఆన్‌లైన్‌లో నింపాలి. మన జిల్లాలో విదేశీయుల రిజిస్ట్రేషన్ అధికారి జిల్లా ఎస్పీ. ఎంప్లాయ్‌మెంట్ వీసా మీద 180 రోజులకు మించి ఉండడానికి వచ్చేవారు వచ్చిన 14 రోజుల్లో రిజిస్టర్ చేసుకోవాలి. కొరియా వాళ్లు వచ్చిన కొత్తలో ఇళ్లు అద్దెకు ఇచ్చినవాళ్లు అద్దె ఒప్పందం ఉంటే చాలనుకుని ఈ ఫారం సంగతి మరిచిపోయేవారు; తరువాత వీసా పొడిగింపు సమయంలో ఆ ఖాళీ రోజులకు లెక్క చెప్పలేక అద్దెకున్నవాళ్లూ ఇంటివాళ్లూ ఇద్దరూ ఇబ్బంది పడ్డారు.

ఇక మీ అన్నగారి విషయం. అమెరికాలో పెట్టుబడిదారులకు గ్రీన్‌కార్డు ఇచ్చే ఈబీ-5 పథకం కింద నిర్ణీత ప్రాంతాల్లో అయితే 8 లక్షల డాలర్లు, మిగతాచోట 10.5 లక్షల డాలర్లు పెట్టి, 10 మందికి పూర్తికాలపు ఉద్యోగాలు కల్పించాలి. అక్కడ 2003 మార్చి 1 నుంచి పాత ఇమ్మిగ్రేషన్ సంస్థను విడదీశారు. పెట్టుబడి దరఖాస్తును పరిశీలించేది యూఎస్‌సీఐఎస్ అనే పౌరసత్వ, ఇమ్మిగ్రేషన్ సేవల సంస్థ, వీసా ఇచ్చేది విదేశాంగ శాఖ కాన్సులేటు, విమానాశ్రయంలో నిలబడేది సీబీపీ అనే కస్టమ్స్, సరిహద్దు రక్షణ సంస్థ. పెట్టుబడి దరఖాస్తు ఆమోదం పొందినా కాన్సులేటు వీసా నిరాకరించవచ్చు, వీసా ఉన్నా సీబీపీ ప్రవేశం నిరాకరించవచ్చు. అందుకే వీసా ఉంటే చాలు ప్రవేశం ఖాయమన్న హామీ అక్కడి చట్టం ఇవ్వదు. మొదట వచ్చేది రెండేళ్ల షరతులతో కూడిన గ్రీన్‌కార్డే.

అయితే ఆయనకు అసలు అడ్డంకి అమెరికాలో కాదు, ఇక్కడే ఎదురవుతుంది. భారతదేశంలో ఉంటున్న వ్యక్తి ఒక ఆర్థిక సంవత్సరంలో బయటికి పంపగలిగింది 2.5 లక్షల డాలర్లు. ఒక్కరే పంపితే 8 లక్షలకు నాలుగు ఆర్థిక సంవత్సరాలు పడుతుంది. పరిమితి మనిషికి కాబట్టి నాలుగు బ్యాంకుల్లో ముక్కలు చేసి పంపడం కుదరదు, దీనికోసం బ్యాంకు అప్పు ఇవ్వడమూ కుదరదు. ఏడాదిలో 10 లక్షల రూపాయలు దాటిన మొత్తం మీద 20 శాతం పన్నును బ్యాంకు ముందే వసూలు చేస్తుంది, దాన్ని తరువాత ఆదాయపు పన్నులో సర్దుకోవచ్చు. అన్నిటికంటే ముఖ్యం, ప్రతి రూపాయీ ఎక్కడ నుంచి వచ్చిందో యూఎస్‌సీఐఎస్ అడుగుతుంది. మీ అన్నగారు బత్తాయి తోట అమ్మి ఆ డబ్బు పెడతారని రాశారు. మన దగ్గర రిజిస్ట్రేషన్ కాగితంలో ఒక ధర రాసి, మిగతాది నగదుగా తీసుకోవడం ఎంత మామూలో ఇద్దరికీ తెలుసు. ఆ నగదును అమెరికాలో చూపించడానికి ఏ దారీ లేదు, ఇక్కడి ఆదాయపు పన్ను చట్టం కింద కూడా అది ఉల్లంఘనే. తోట ఇంకా అమ్మకపోతే, పూర్తి ధర దస్తావేజులో రాసి బ్యాంకు ద్వారానే తీసుకోమని ఈ రోజే చెప్పండి. అమ్మేసి ఉంటే, దస్తావేజులో రాసిన మొత్తం ఎంతో నాకు తెలియజేయండి.

మీరు తిరిగి రాసేటప్పుడు డబ్బు ఖాతాలో పడిన తేదీ, షేర్లు కేటాయించి ఉంటే ఆ తీర్మానం తేదీ, మీది కంపెనీనా భాగస్వామ్యమా అన్నది, విమానాశ్రయంలో మీ భాగస్వామికి ఏదైనా కాగితం ఇచ్చి ఉంటే అందులో రాసిన కారణం రాయండి. ఆయన పాస్‌పోర్టు నంబరు, ఫొటోలు మాత్రం అందరూ చూసే ఈ చోట పెట్టవద్దు.